నాడి పిలిస్తే కండరం ఎలా బిగుస్తుంది, ఎలా సడలుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున నడిచేవారు, సింహాచలం గిరి ప్రదక్షిణ ముగించి పిక్కలు నొక్కుకుంటూ కూర్చున్నవారు, ఇంటర్ జంతుశాస్త్రం చదివే విద్యార్థులు, ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దవారిని చూసుకుంటున్నవారు, ఇలా విశాఖపట్నంలో కండరాల గురించి రకరకాల మనుషులు అడుగుతుంటారు. వారి ప్రశ్నల్లో బిగువు గురించినవే ఎక్కువ, సడలింపు గురించినవి తక్కువ. నిజానికి అపోహలు ఎక్కువగా ఉన్నది సడలింపు విషయంలోనే కనుక ఈ సమాధానాలలో దానికి ఎక్కువ చోటు ఇచ్చాం. ఇక్కడ చెప్పేదంతా ఎముకలకు అంటుకుని, మన ఇష్టప్రకారం కదిలే కండరాల గురించే. గుండె కండరం, పేగుల కండరం వేరే పద్ధతిలో పనిచేస్తాయి.

చెయ్యి ఎత్తాలనుకోగానే ఎత్తగలుగుతున్నాం. ఈ మధ్యలో ఏం జరుగుతోంది?

మెదడు పైపొరలో, నడినెత్తి నుంచి రెండు పక్కలకూ చెవుల వైపు దిగే ఒక సన్నని పట్టీలో, కదలికలను నడిపే నాడీకణాలు ఉంటాయి. వాటి పోగులు కిందికి దిగుతూ, మెదడు కాండం అడుగుభాగంలో చాలావరకు అవతలి పక్కకు దాటి, వెన్నుపాములోకి చేరతాయి. మెదడు ఎడమ భాగంలో రక్తనాళం మూసుకుపోయినప్పుడు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోవడానికి కారణం ఈ దాటడమే. వెన్నుపాము ముందుభాగంలో రెండో నాడీకణం కబురు అందుకుంటుంది. దీన్ని చాలక నాడీకణం అంటారు. పాదాన్ని కదిలించే చాలక నాడీకణం నడుము ఎత్తున వెన్నుపాములో ఉంటే, దాని పోగు, అంటే ఆక్సాన్, పాదం వరకు దాదాపు ఒక మీటరు పొడవు సాగుతుంది.

మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ అయినా, కాలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు చటుక్కున కాలు లాక్కునే ప్రతిచర్య అయినా, కండరాన్ని చేరాలంటే ఈ చాలక నాడీకణం గుండానే వెళ్ళాలి. ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ దీన్ని అన్ని ఆజ్ఞలూ కలిసే చివరి దారిగా వర్ణించారు. ఆయనకు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది.

నాడిలో పారేది విద్యుత్తేనా?

విద్యుత్తే, కానీ తీగలో పారే విద్యుత్తు కాదు. విశ్రాంతిగా ఉన్న నాడీకణం లోపలి వైపు, బయటి వైపుకంటే సుమారు 70 మిల్లీవోల్టులు రుణాత్మకంగా ఉంటుంది. ప్రేరణ అందిన చోట పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి దూసుకువస్తాయి, ఒక మిల్లీసెకను గడిచేలోగానే అవి మూసుకుని పొటాషియం బయటికి పోతుంది, పొర మళ్ళీ మునుపటి స్థితికి వస్తుంది. ఈ అలజడి పక్కనున్న భాగాన్ని ప్రేరేపిస్తుంది, అది తన పక్కదాన్ని. అయాన్లు పొరకు అడ్డంగా కదులుతాయి, కబురు మాత్రం పొడవునా సాగిపోతుంది. అలెన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ సముద్రజీవి అయిన స్క్విడ్ లావుపాటి ఆక్సాన్ మీద పనిచేసి 1952లో ఈ విషయాన్ని లెక్కలతో సహా ప్రకటించారు.

పోగు చుట్టూ మయలిన్ అనే కొవ్వు పొర ఉన్నందువల్ల ఈ అలజడి అడుగడుగునా పుట్టకుండా, పొరలోని సన్నని ఖాళీల దగ్గర మాత్రమే పుడుతూ గెంతుతూ పోతుంది. ఆరోగ్యవంతుల ముంజేతి నాడులలో దీని వేగం సెకనుకు 50 నుంచి 60 మీటర్ల వరకు ఉంటుంది. ఆసుపత్రులలో చేసే నాడీవాహక పరీక్షలో కొలిచేది ఈ వేగాన్నే.

నాడి కొస కండరానికి అతుక్కుని ఉంటుందా?

అతుక్కుని ఉండదు. రెండింటి మధ్య సుమారు 50 నానోమీటర్ల సందు ఉంటుంది. మిల్లీమీటరును ఇరవై వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత. విద్యుత్ అలజడి ఈ సందు దాటలేదు, ఇక్కడ కబురు మోసేది రసాయనం. కండర తంతువు మీద ఒక చిన్న పళ్ళెంలా పరుచుకున్న నాడి కొసలో సన్నని సంచులు వేల సంఖ్యలో సిద్ధంగా ఉంటాయి. ఒక్కొక్క సంచిలో ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థపు అణువులు కొన్ని వేలు ఉంటాయి. అలజడి నాడి కొసకు చేరగానే అక్కడి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి, లోపలికి వచ్చిన కాల్షియం వల్ల సంచులు పొరకు అతుక్కుని పగిలి, లోపలి రసాయనాన్ని సందులోకి వదులుతాయి.

సందుకు అవతలి ఒడ్డున, కండరం పొర మీద, ఎసిటైల్‌కోలిన్‌ను పట్టుకునే గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి. ఒక గ్రాహకానికి రెండు అణువులు తగిలితే అది తెరుచుకుంటుంది, సోడియం లోపలికి వస్తుంది, కండరం పొర మీద కొత్త విద్యుత్ అలజడి పుడుతుంది. ఆరోగ్యవంతులలో నాడి ఒక్కసారి పిలిచినప్పుడు విడుదలయ్యే రసాయనం, కండరాన్ని లేపడానికి కావలసినదానికంటే బాగా ఎక్కువే ఉంటుంది. ఈ మిగులును గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కింద చెప్పబోయే జబ్బులలో కొన్ని ఈ మిగులు కరిగిపోవడం వల్ల వచ్చేవే.

నాడులు రసాయనంతో మాట్లాడతాయని మొదట చూపినవారు ఆటో లోవీ. ఆయన 1921లో కప్ప గుండెల మీద ఆ ప్రయోగం చేశారు. కండరాల దగ్గర కూడా ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్ అని హెన్రీ డేల్ బృందం నిరూపించింది. 1936 నోబెల్ బహుమతిని వీరిద్దరూ పంచుకున్నారు. రసాయనం చుక్కలు చుక్కలుగా కాక సంచి లెక్కన విడుదలవుతుందని బెర్నార్డ్ కాట్జ్ కనిపెట్టారు, ఆయనకు 1970లో ఆ బహుమతి దక్కింది.

కబురు అందాక కండరం లోపల ఏమవుతుంది?

కండర తంతువు పొర అక్కడక్కడా లోపలికి గొట్టాలుగా దిగి ఉంటుంది, కనుక పైన పుట్టిన అలజడి తంతువు నడిబొడ్డు వరకు క్షణంలో చేరుతుంది. ఆ గొట్టాలకు ఆనుకుని కాల్షియం నిలవ ఉంచే జాలకం ఉంటుంది. గొట్టం గోడలోని ఒక ప్రొటీన్ అలజడిని పసిగట్టి, జాలకం ద్వారాన్ని నేరుగా లాగి తెరుస్తుంది, కాల్షియం తంతువు లోపలంతా పరుచుకుంటుంది.

తంతువు లోపల సన్నని యాక్టిన్ పోగులు, లావుపాటి మయోసిన్ పోగులు ఒకదాని మధ్య ఒకటి దూరి వరుసగా అమరి ఉంటాయి. మయోసిన్ తలలు యాక్టిన్‌ను పట్టుకోవాలని ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. కానీ పట్టు దొరికే చోట్లను ట్రోపోమయోసిన్ అనే పోగు కప్పి ఉంచుతుంది. కాల్షియం వచ్చి, ఆ పోగు మీదున్న ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌కు అంటుకోగానే ఆ కప్పు పక్కకు జరుగుతుంది. అప్పుడు మయోసిన్ తలలు యాక్టిన్‌ను పట్టుకుని, తెప్ప మీద జాలరి తెడ్డు వేసినట్లు, లాగి, వదిలి, ముందుకు చాచి, మళ్ళీ లాగుతాయి. ఒక్కో లాగుడుకు పోగు జరిగేది కొద్ది నానోమీటర్లే. కోట్లాది తలలు వంతులవారీగా లాగుతాయి కనుక చెయ్యి లేస్తుంది.

ఇక్కడ విద్యార్థులు తరచూ పొరపడే విషయం ఒకటి ఉంది. కండరం పొట్టిదవుతుంది గాని పోగులు పొట్టివి కావు, ఒకదాని మీదుగా ఒకటి జారతాయి, అంతే. 1954లో ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కె ఒక పక్క, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరో పక్క విడివిడిగా పనిచేసి ఈ సంగతిని ఒకే సంచికలో ప్రకటించారు. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం ఏమీ లేదు.

కండరాన్ని సడలమని చెప్పే నాడి వేరే ఉంటుందా?

మనుషులలో లేదు. మనం ఎక్కువగా వినే ప్రశ్న ఇదే, ఎక్కువమంది తప్పుగా ఊహించేదీ దీని సమాధానమే. మన అస్థి కండరానికి వచ్చే చాలక నాడి చెప్పగలిగింది ఒక్కటే: బిగుసుకో. సడలు అనే కబురు దాని దగ్గర లేదు. నాడి పిలవడం మానినప్పుడు కండరం తనంతట తాను సడలుతుంది.

అలాగని సడలింపు ఏ పనీ లేకుండా జరిగిపోదు. అది మూడు చోట్ల, మూడు పనులుగా సాగుతుంది. నాడికీ కండరానికీ మధ్యనున్న సందులో ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైము కాపు కాసి ఉంటుంది. అది రసాయనాన్ని కొద్ది మిల్లీసెకన్లలోనే విరగ్గొడుతుంది, ముక్కలలో ఒకటైన కోలిన్‌ను నాడి కొస మళ్ళీ లోపలికి తీసుకుని కొత్త రసాయనం తయారుచేసుకుంటుంది. కండరం లోపల జాలకం గోడల మీదున్న పంపులు పరుచుకున్న కాల్షియాన్ని తిరిగి లోపలికి తోడతాయి, ప్రతి రెండు కాల్షియం అయాన్లకూ, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థపు అణువు ఒకటి ఖర్చవుతుంది. ఇక పోగుల దగ్గర, యాక్టిన్‌ను పట్టుకున్న మయోసిన్ తల వదలాలంటే దానికి కొత్త ఏటీపీ అణువు వచ్చి తగలాలి. అంటే బిగుసుకోవడానికే కాదు, వదలడానికీ శక్తి కావాలి.

మరి మోచేతిని మడిచేటప్పుడు వెనకవైపు కండరం ఎలా సడలుతుంది? ఆ అణచివేత కండరం దగ్గర జరగదు, వెన్నుపాములో జరుగుతుంది. అక్కడి మధ్యవర్తి నాడీకణాలు గ్లైసిన్, గాబా అనే రసాయనాలు వదిలి, వెనకవైపు కండరాన్ని నడిపే చాలక నాడీకణం నోరు నొక్కుతాయి. జాన్ ఎకిల్స్ ఈ అణచివేతను సూక్ష్మమైన విద్యుత్ కొలతలతో చూపి, 1963లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

మన తీరంలో దొరికే పీతలు, రొయ్యలు ఈ విషయంలో మనకు భిన్నం. వాటి కండరాలకు బిగించే నాడితో పాటు, గాబా వదిలి అణిచే నాడి కూడా నేరుగా వస్తుంది. సడలమనే కబురును కండరం దగ్గరికే పంపే ఏర్పాటు ప్రకృతిలో లేకపోలేదు, మన శరీరం ఆ పనిని వెన్నుపాముకు అప్పగించింది.

చేపల రేవులో తాజా చేప కర్రలా బిగుసుకుని ఉండడానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వంజరాన్ని తల దగ్గర పట్టుకుని అడ్డంగా ఎత్తి చూడండి. కొన్ని గంటల కిందట చచ్చిన చేప అయితే తోక కిందికి వాలదు, ఒళ్ళంతా బద్దలా నిటారుగా నిలుస్తుంది. ఆ చేపకు నాడి పిలుపులేవీ లేవు. చావగానే మెత్తగానే ఉన్న కండరంలో ఏటీపీ క్రమంగా అడుగంటింది, కాల్షియాన్ని తోడే పంపులు ఆగాయి, యాక్టిన్‌ను పట్టుకున్న మయోసిన్ తలలకు వదిలే దారి లేకపోయింది. వలలో ఎక్కువసేపు కొట్టుకుని అలసిన చేప త్వరగా బిగుసుకునేది కూడా, ఏటీపీ నిలవ చావుకు ముందే కరిగిపోవడం వల్లనే. ఆ తరువాత చేప మెత్తబడడం సడలింపు కాదు, ఎంజైములు ప్రొటీన్ల కట్టడాన్నే విరగ్గొట్టడం. మనిషి శవం బిగుసుకోవడం వెనకా ఇదే కారణం ఉంది.

ఇంత ఏటీపీ కండరానికి ఎక్కడి నుంచి వస్తుంది?

కండరంలో నిలవ ఉండే ఏటీపీ గట్టి శ్రమకు రెండు మూడు సెకన్లకు మించి చాలదు. అది తగ్గగానే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం తన ఫాస్ఫేటును ఇచ్చి ఏటీపీని మళ్ళీ నింపుతుంది, మరికొన్ని సెకన్లు గడుస్తాయి. ఆ పైన గ్లూకోజు, కొవ్వు, ఆక్సిజన్ రంగంలోకి దిగుతాయి.

ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్న ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో ఆ ఫలితాన్ని ప్రకటించారు. 1929లో కార్ల్ లోమన్ జర్మనీలో ఏటీపీని వేరుచేసిన కాలంలోనే, వీరిద్దరూ అమెరికాలో స్వతంత్రంగా దాన్ని కనుగొన్నారు. కండరాన్ని నడిపేది లాక్టిక్ ఆమ్లమే అనే అప్పటి నమ్మకం సడలడంలో ఈ పనికి పెద్ద పాత్ర ఉంది. తెలుగువారి పిల్లలు కండరం పాఠం చదివేటప్పుడు ఈ పేరు తప్పక వినాలి.

అదే చెయ్యి గుడ్డును పగలకుండా పట్టుకుంటుంది, బియ్యం బస్తానూ ఎత్తుతుంది. ఎలా?

ఒక చాలక నాడీకణం, అది నడిపే కండర తంతువులన్నీ కలిపి ఒక చాలక యూనిట్. కంటిని తిప్పే కండరాలలో ఒక యూనిట్‌కు పదో పరకో తంతువులుంటే, పిక్క కండరంలో వెయ్యికి పైగా ఉండవచ్చు. తక్కువ బలం కావాలంటే చిన్న యూనిట్లు మాత్రమే పనిలోకి దిగుతాయి, బరువు పెరిగేకొద్దీ పెద్దవి వచ్చి చేరతాయి. దీనికి తోడు నాడి ఎంత తరచుగా పిలిస్తే బలం అంత పెరుగుతుంది. ఒక పిలుపుకు కండరం ఒకసారి తుళ్ళి సడలుతుంది, పిలుపులు వెంటవెంటనే వస్తే సడలడానికి వ్యవధి లేక తుళ్ళింతలన్నీ కలిసి ఒకే నిలకడైన బిగువవుతుంది.

డాక్టరుగారు మోకాలి కింద సుత్తితో కొట్టి ఏం చూస్తారు?

మోకాలిచిప్ప కింది నరాన్ని, అంటే తొడ కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువును, తట్టగానే తొడ ముందరి కండరం కాస్త సాగుతుంది. దానిలోని సాగుడును పసిగట్టే సూక్ష్మాంగం వెన్నుపాముకు కబురు పంపుతుంది, అక్కడి చాలక నాడీకణం వెంటనే కండరాన్ని బిగిస్తుంది, కాలు తన్నుతుంది. అదే సమయంలో తొడ వెనక కండరాన్ని నడిపే నాడీకణాన్ని వెన్నుపాము అణిచివేస్తుంది. మెదడు అనుమతి దీనికి అక్కరలేదు.

తన్ను అసలు రాకపోతే వెన్నుపాము నుంచి కండరం వరకు ఉన్న దారిలో ఎక్కడో దెబ్బ తగిలి ఉండవచ్చు. మరీ బలంగా వస్తే మెదడు నుంచి వచ్చే అదుపు తెగి ఉండవచ్చు. పక్షవాతం వచ్చిన కొన్ని వారాలకు చెయ్యి మడతపడి బిగుసుకుపోయేది ఈ రెండో కారణం వల్ల. ఆ బిగువును తగ్గించడానికి ఇచ్చే బొటులినమ్ సూది నాడి కొసలో సంచులు పగలకుండా ఆపుతుంది, దాని ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది.

గిరి ప్రదక్షిణ తరువాత రాత్రి పిక్క పట్టేస్తుంది, మర్నాడు తొడలు నొప్పెడతాయి. రెండూ ఒకటేనా?

రెండూ వేరు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడిచినవారికి రాత్రి పిక్క గడ్డకట్టినట్లు బిగుసుకుంటే, అది చాలక నాడీకణాలు ఎవరూ అడగకుండానే గబగబా పిలుపులు పంపడం వల్ల వచ్చే పట్టు. అలసట, ఒంట్లో నీరు తగ్గడం, కొన్ని మందులు, గర్భం దీనికి తోడ్పడతాయి. పడుకునే మోకాలు చాచి, పాదం ముందుభాగాన్ని తనవైపు నెమ్మదిగా లాక్కోవాలి. పిక్క సాగినప్పుడు స్నాయువులోని సూక్ష్మాంగాలు వెన్నుపాముకు చెప్పి, ఆ నాడీకణాలను శాంతింపజేస్తాయి. అరటిపండు తింటే ఆ పట్టు అక్కడికక్కడే వదలదు.

మర్నాడు, ఆ మర్నాడు వచ్చే తొడల నొప్పి నాడి తప్పు కాదు. మెట్లు, వాలు దిగేటప్పుడు తొడ ముందరి కండరం బిగుస్తూనే సాగుతుంది, ఆ సాగుడుకు తంతువులలో సన్నని చిరుగులు పడి వాపు వస్తుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని చాలామంది అంటారు గాని, అది నడక ఆగిన గంటా రెండు గంటలలోనే తొలగిపోతుంది. పట్టు తరచుగా వస్తూ, కండరం సన్నబడుతూ, బలం తగ్గుతుంటే మాత్రం వైద్యుడికి చూపించుకోవాలి.

పాముకాటుకు, పురుగుమందుకు ఊపిరి ఆగిపోయేది ఎందుకు?

ఊపిరి తీయించే డయాఫ్రమ్ కూడా ఇదే రకపు కండరం, నాడి పిలిస్తేనే కదులుతుంది. త్రాచుపాము విషం ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను ఆక్రమించి కబురు అందకుండా చేస్తుంది. కట్లపాము విషం నాడి కొసలనే పాడుచేస్తుంది. కట్లపాము తరచూ రాత్రి నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు కనుక చాలామంది గుర్తించరు. తెల్లవారాక ఎంత ప్రయత్నించినా రెప్పలు లేవకపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు, వెంటిలేటరు రెండూ ఉన్న కేజీహెచ్ వంటి పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి. మంత్రాలతో, నాటు వైద్యంతో గడిపే ప్రతి గంటా నాడి కొసలను మింగుతుంది. పాడైపోయిన కొసలను విరుగుడు మందు బాగుచేయలేదు. అవి కోలుకునే వరకు రోజుల తరబడి యంత్రం ఊపిరి పోయాలి, పోస్తే మనిషి బతుకుతాడు.

ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందుల పద్ధతి దీనికి తలకిందులు. అవి ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్‌ను పనిచేయనివ్వవు, రసాయనం సందులో పేరుకుపోతుంది, కండరాలు మొదట చర్మం కింద పురుగులు పాకినట్లు అదిరి, తరువాత స్పందించే శక్తి కోల్పోయి చచ్చుబడతాయి. ఆట్రోపిన్ అనే మందు లాలాజలాన్ని, ఊపిరితిత్తుల స్రావాలను తగ్గించి ప్రాణం కాపాడుతుంది గాని కండరాల బలహీనత మీద పనిచేయదు. ధనుర్వాతంలో జరిగేది ఇంకొకటి: ఆ విషం నాడి వెంట వెన్నుపాముకు పాకి, గ్లైసిన్, గాబా విడుదలను ఆపేస్తుంది, అణిచేవారు లేని చాలక నాడీకణాలు ఒళ్ళంతా బిగించేస్తాయి. టీకాతో పూర్తిగా తప్పించుకోగల జబ్బు అది.

సాయంత్రానికి రెప్పలు వాలిపోతున్నాయి, ఉదయానికి బాగుంటోంది. ఇది నీరసమేనా?

నీరసం కాకపోవచ్చు. మయస్తీనియా గ్రేవిస్ అనే జబ్బులో శరీరం తన సొంత ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాల మీదే ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది, పైన చెప్పిన మిగులు కరిగిపోతుంది. మొదటి పిలుపులకు కండరం స్పందించినా, వాడేకొద్దీ స్పందన తగ్గుతుంది. రెండుగా కనిపించడం, నమిలేటప్పుడు దవడ అలసిపోవడం కూడా దీని గుర్తులే. 1934లో మేరీ వాకర్ అనే వైద్యురాలు ఎస్టరేజ్‌ను అణిచే మందు ఇస్తే బలం తిరిగి వస్తుందని చూపారు. ఆ కోవకే చెందిన పిరిడోస్టిగ్మిన్ మాత్రలను నేటికీ వాడుతున్నారు. ఈ జబ్బు ఉన్నవారు ఏ కొత్త మందు, ముఖ్యంగా యాంటీబయాటిక్, వాడే ముందైనా వైద్యుడికి తమ జబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే కొన్ని మందులు బలహీనతను ఉన్నపళంగా పెంచుతాయి.

ప్రమాదంలో తెగిన నాడి మళ్ళీ కండరాన్ని చేరుతుందా?

చేతిలో, కాలిలో తెగిన నాడిని శస్త్రచికిత్సతో కలిపితే ఆక్సాన్లు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరుగుతాయి. మోచేతి పైన తెగిన నాడి అరచేతి కండరాలను చేరడానికి ఏడాదికి పైగా పట్టేది అందుకే. ఈలోగా పిలుపు అందని కండరం సన్నబడుతుంది, ఏడాదిన్నర దాటితే చాలావరకు పీచుగా మారి, నాడి వచ్చినా అందుకోలేని స్థితికి చేరుతుంది. కాబట్టి చేతి వేళ్ళు కదలడం లేదని గమనించినవారు గాయం మానేదాకా చూద్దామని ఆగకుండా, మొదటి రోజుల్లోనే నాడిని పరీక్షించగల శస్త్రవైద్యుడిని కలవాలి. నాడి తిరిగి చేరేవరకు కీళ్ళు బిగుసుకోకుండా ఫిజియోథెరపిస్టు చూపిన కదలికలను రోజూ చేయించాలి.